తోమిన రాగి రేకు

మణికొండ, ఆదివారం.

బాపూ, దండాలు. ఫోన్లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను. నేను బాగున్నాను.

ఆదివారాలు ఇక్కడ మైనం పూసిన రాగి రేకు మీద సూదితో బొమ్మ గీసి, ఆసిడ్‌లో ముంచి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం నేర్చుకుంటున్నాను. పోయిన వారం రేకు నల్లబడిందని చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమాను. మన ఇంట్లో నువ్వు చేసిన గిన్నెలు తోమడం నా పనే కదా. బాగా మెరిసింది. అచ్చు తీస్తే తోమిన గీతల్లో కూడా సిరా నిలిచి, కాగితమంతా మసకబారింది.

"ఏంది నవనీతా, గిన్నె తోమినట్టు తోమినవ్?" అన్నారు నేర్పే లావణ్య మేడం.

"తోమకుంటే మా బాపు పని అయిందని ఒప్పుకోడు మేడం," అన్నాను. అందరూ నవ్వారు.

నెలాఖరుకు శుభ్రమైన అచ్చు చూపిస్తేనే పై క్లాసులో చోటిస్తారు. వేరే రేకు అడగను. ఆ మసక పోయేదాకా దీన్నే నున్నగా రుద్దుతాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? దవాఖానకు తీసుకుపో. నా దండాలు చెప్పు.

గిన్నెల మీద గీతలు పోవడానికి నువ్వు రుద్దే ఉక్కు కడ్డీ నాకు కావాలి. ఇన్నేళ్లలో దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. పంపడం ఇష్టం లేకపోతే నువ్వే పట్టుకుని రా. ఎలా రుద్దాలో ఒకసారి చూపించి, దాన్ని నీ వెంటే తీసుకుపో.

నీ కూతురు,
నవనీత