చదవకుండా పెట్టిన సంతకం

బిడ్డా సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ తమ్ముడు మల్లేశు జైల్లో ఉన్నాడు. బతికినన్నాళ్లూ గంజాయి కేసులు, వీలునామాలే చూసిన వకీలువి. నువ్వు లేనప్పుడు మనింటికే గంజాయి కేసు వచ్చింది.

శామీర్‌పేటలో మన చేను పక్కన ఎవరూ దున్నని పడావు భూమిలో మొక్కలు దొరికాయి. ఎవరు పెట్టారో తెలియదు. పోలీసులు పంచనామా రాశారు.

"సదువుకొని సంతకం పెట్టు తాతా" అన్నాడొకడు.

"నా బిడ్డ వకీలుండె. నాకే జెప్తున్నవా?" అన్నాను.

కళ్లద్దాలు పెట్టుకుని, చదివినట్టు తలాడించి, సంతకం చేశాను. ఆ గొలుసుకట్టు రాత ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. మొక్కలు మన చేన్లోనే ఉన్నాయని, మల్లేశే పెంచాడని అందులో ఉందట.

వీలునామాకొచ్చిన ముసలోళ్లకు ప్రతి మాటా చదివి వినిపించాకే వేలిముద్ర వేయించేదానివి. నేను నవ్వేవాణ్ణి.

ఇప్పుడు మేడ్చల్ కోర్టుకాడి కొత్త వకీలు అంటున్నాడు: "నీకు సదువు రాదని జడ్జి ముందట జెప్పాలె పెద్దాయనా. గదొక్కటే దారి."

"అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుంట."

"గట్లంటే ఇగ పోరడు బయటికి రాడు."

రేపే వాయిదా. నా చెయ్యి పట్టుకుని నువ్వు దిద్దించిన అక్షరాలు నాకు రావని అందరి ముందు చెప్తాను. ఈ కాగితం ఎవరి కంటా పడకూడదు, పొయ్యిలో వేస్తున్నాను. కోపం చేసుకోకు బిడ్డా.

మీ నాయిన