షాఫ్ట్ మీద ఎర్ర చుక్కలు

అక్టోబర్ 11, శనివారం

నాకు వర్క్‌షాపులో ఎవరో ఉన్నారని అత్త అమ్మకి ఫోన్ చేసి చెప్పిందట. అందుకే రిసెప్షన్ కుర్చీలో నిలవనట. అమ్మ అమలాపురం నుంచి ఏడుస్తూ, ఎవడే వాడు సత్యశ్రీ అని అడిగింది. కారమ్మా, పాత కారు అన్నాను. అబద్ధాలు కూడా నేర్చావుటే అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

మెకానికల్ ఇంజినీరింగ్ చదివించింది వీళ్లే. నా మార్కులు వీధంతా చెప్పుకున్నదీ వీళ్లే. ఇప్పుడు ఒక బండి కింద ఏముందో చూద్దామని నేను వంగితే, దానికి కారణం మగాడే అయ్యుండాలి. వాదించే ఓపిక లేదు. ఫోన్ పెట్టేశాను.

గల్ఫ్‌కొచ్చి, హమద్ టౌన్‌లో మావయ్య వాళ్లింట్లోనే ఉంటున్నాను. మేమిద్దరం పనిచేసే గ్యారేజీలో ఆయన, నాగేంద్రబాబు, హెడ్ మెకానిక్; నేను రిసెప్షన్. నా వీసా ఆయన మాట మీదే వచ్చింది. ఇంట్లో ఈ వాక్యం రోజూ వింటాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఆకుపచ్చ కారు మళ్లీ వచ్చింది. మూడోసారి. 1972 మోడల్, రెండే సీట్లు, పొడుగు ముక్కు. దసరాకి ముందు మావయ్య దాని ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాడు. అంటే ఇంజిన్ తిప్పుడుని వెనక చక్రాలకి అందించే రాడ్. దాని రెండు చివర్లలో కీళ్లలా తిరిగే కొత్త క్రాసులు వేసి, పండగ మర్నాడు బిగించాడు. అప్పట్నుంచి ఎనభై దాటితే వణుకు. మా ఆవిడ ఇక ఈ కారెక్కనంటోంది అని చెప్పాడు ఓనర్. పెద్దాయన, కోపం కూడా మర్యాదగానే ఉంది.

చక్రాల బ్యాలెన్సింగ్ బాగోలేదని మావయ్య కఫీల్‌తో, అంటే మా వీసాలిచ్చిన గ్యారేజీ యజమానితో, అనేశాడు. చక్రాలు నర్సింలు పని. జగిత్యాల ఆయన, యాభై దాటాయి, పధ్నాలుగేళ్లుగా ఇక్కడే టైర్లు. నెలాఖరుకి ఆయన వీసా రెన్యూవల్. కఫీల్ చేతులు దులుపుకున్నట్టు చేసి, ఖలాస్, ఈసారి రెన్యూ చెయ్యను అన్నాడు.

నర్సింలు మళ్లీ టైరు తుడవడంలో పడ్డాడు. తర్వాత టీ దగ్గర నాతో, మూడుసార్లు బ్యాలెన్సు జేసిన బిడ్డా, మిషిను ముల్లు కదల్లే, గీ వయసుల ఇంకే కఫీల్ తీస్కుంటడు నన్ను అన్నాడు.

అక్టోబర్ 13, సోమవారం

టెస్ట్ డ్రైవ్‌కి నేనూ వస్తానన్నాను. రావే ఇంజినీరమ్మా, నాకూ కాస్త నేర్పుదువుగాని అన్నాడు మావయ్య. అందరూ నవ్వారు. ఎక్కి కూర్చున్నాను.

ఎనభై దాటగానే మొదలైంది. స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. సీటు మాత్రం నడుము కింద జలదరిస్తోంది. ఒక్కసారి న్యూట్రల్ చెయ్యండి మావయ్యా అన్నాను. విసుక్కుంటూనే చేశాడు. ఇంజిన్ శబ్దం దిగిపోయింది. వణుకు అలాగే ఉంది.

అంటే ఇంజిన్ కాదు. ఇంకా తిరుగుతున్నవే, చక్రాలో, షాఫ్టో అన్నాను. చూశావా, చక్రాలే అన్నాడు మావయ్య. రెండో మాట ఆయన వినలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

ఏ బండికేం చేశారో ఆరు జాబ్‌కార్డులు రాశాను. తలనొప్పి. గాలికి కూడా చెమట పట్టినట్టుంది.

అక్టోబర్ 15, బుధవారం, ఉదయం 11

మావయ్య ఆగిపోయిన బండి చూడ్డానికి జుఫైర్ వెళ్లాడు. కారుని లిఫ్ట్ మీదికి ఎక్కించమని నర్సింలుని అడిగాను. నాకెందుకు బిడ్డా ఈ లొల్లి అంటూనే ఎక్కించాడు. వెనక చక్రాలు రెండూ ఊడదీయించాను. బ్రేక్ డ్రమ్ములు జారకుండా నట్లు బిగించి, టాప్ గేర్‌లో నడిపాం.

వణికింది. చక్రాలు నేల మీద ఉన్నాయి, కారు పైన వణుకుతోంది.

నర్సింలు వాటి వంక చూశాడు, కారు వంక చూశాడు. చక్రాల్లేకుంటనే ఊగవట్టె గదనే అన్నాడు. నేను ఇంజిన్ ఆపేశాను.

అదే రోజు, మధ్యాహ్నం 2

షాఫ్ట్ రెండు ముక్కలు. పళ్లున్న కొన ఒకటి ఇంకోదాన్లోకి దూరుతుంది. రెండు చివర్లలో క్రాసులు పట్టుకునే కొమ్ములు ఒకే వరసలో ఉండాలి. లేవు. ఒక పన్ను పక్కకి కూర్చున్నాయి. కంటికే తెలిసిపోతోంది.

విప్పేముందు మావయ్య రెండు ముక్కల మీదా అత్త ఎర్ర నెయిల్ పాలిష్‌తో చెరో చుక్క పెడతాడు. మళ్లీ బిగించేటప్పుడు చుక్క ఎదురుగా చుక్క. ఇరవై ఏళ్ల అలవాటు. ఇప్పుడు కూడా చుక్కలు ఎదురెదురుగానే ఉన్నాయి.

వేలితో రుద్దాను. చుక్క వేలికి అంటుకుంది. ఎండిన నెయిల్ పాలిష్ అంటుకోదు.

కుంకం.

దసరా నాడు పొద్దున్నే, ఆడపిల్లవి నువ్వే బొట్లు పెట్టు అన్నాడు మావయ్య. స్పానర్లు, జాక్‌లు, బల్ల మీద ఉన్న ప్రతి ఇనప ముక్కా థిన్నర్‌తో తుడిచాను. ఈ షాఫ్ట్ కూడా. ఎర్ర మరక ఒకటి వదల్లేదు, గట్టిగా తుడిచాను. తర్వాత పసుపు, పైన కుంకం, ముక్కకో బొట్టు, ఎక్కడ చోటుంటే అక్కడ.

ఆయన గుర్తుల్ని చెరిపింది నేను. నా బొట్లని గుర్తులనుకున్నది ఆయన. కొమ్ములు చూసుంటే చాలు. చూడలేదు.

అక్టోబర్ 16, గురువారం

మావయ్యకి చెప్పాను. చాలాసేపు వేళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, రేపు సెలవు, ఎవరూ ఉండరు, ఇద్దరం వెళ్లి సరిచేసేద్దాం అన్నాడు. జాబ్‌కార్డులో వీల్ బ్యాలెన్సింగ్ అని రాసెయ్యి, నీ పేరూ రాదు, నా పేరూ రాదు అన్నాడు.

మరి నర్సింలు అన్నాను.

ఆడు ఎలాగూ పోయేవాడేనే, మనం మనం ఒకటి అన్నాడు.

అక్టోబర్ 17, శుక్రవారం

విప్పాం. ఒక పన్ను తిప్పాం. బిగించాం. నూటపది దాకా వెళ్లాం. సీటు రాయిలా ఉంది. మావయ్య ఈల వేశాడు. దార్లో జింజ్‌లో ఆపి నాకు జ్యూస్ కొన్నాడు. తాగాను. మంచివాడే. అదే కష్టం.

అక్టోబర్ 18, శనివారం

జాబ్‌కార్డులో జరిగిందే రాస్తానని రాత్రి మావయ్యతో చెప్పాను. అత్త రోజంతా వంటింట్లోంచే మాట్లాడింది. తిన్న ఇంటికి ఇదేనా మర్యాద అట. ముసలాడి మీద అంత జాలేంటో అట. అమ్మకి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ‘ఎవరో’ దొరికాడు: నర్సింలు. ఆయన పెద్ద కూతురు నాకంటే మూడేళ్లు పెద్ద. ఆ మాట కూడా చెప్పాలనిపించలేదు.

అక్టోబర్ 19, ఆదివారం, ఉదయం 9

జాబ్‌కార్డు కఫీల్‌కి ఇచ్చాను. కారణం: షాఫ్ట్ ఒక పన్ను తప్పి బిగించడం. గుర్తులు చెరిపింది: సత్యశ్రీ. బిగించింది: నాగేంద్రబాబు. చక్రాల్లో లోపం లేదు. ఇచ్చేముందు, మార్చి రాయమని మావయ్య రెండుసార్లు వచ్చాడు. మార్చనన్నాను.