మూడు ఊళ్ల వాన

ఫిబ్రవరి 9

ప్రియమైన అక్కకి,

ముందు వాతావరణం రాయకుండా ఉత్తరం మొదలుపెడితే నానమ్మ పైనుంచైనా చెవి మెలిపెడుతుంది. ఇక్కడ వాన. రేకుల మీద పడుతుంటే పక్కవాళ్ల మాట కూడా వినిపించదు.

నిన్న సముద్రంలో పగడాలు చూశాను. పడవ అడుగంతా గాజే. ఒక నీలం చేప నన్ను చూసి మూతి ముడిచింది, అచ్చం అమ్మలాగే. ఒక వారం అరటి తోటలో పని, ఒక వారం తిరుగుడు. ఇంకో ఏడాది ఆస్ట్రేలియాలో ఉండాలంటే తోటలో ఎనభై ఎనిమిది రోజులు పనిచేసినట్టు మేస్త్రీ సంతకం కావాలి. అదేమంత కష్టం కాదులే. ఉత్తరాలు తోట చిరునామాకే రాయి. ఫోన్ వద్దు, సిగ్నల్ ఉండదు.

నీ మినోరి

ఫిబ్రవరి 24

ప్రియమైన చెల్లికి,

మంచు నడుము దాకా ఉంది. పొద్దున్నే పారతో తోడితే గానీ మన సెలూన్ తలుపు తెరుచుకోవడం లేదు. అమ్మ నీ ఉత్తరాన్ని అద్దం పక్కన అంటించి, గడ్డానికి నురగ పూసుకుని కూర్చున్నవాళ్లకి చదివి వినిపిస్తోంది. కదిలితే తెగుతుంది కాబట్టి పాపం వింటారు. "మా చిన్నది సముద్రం అడుగు చూసొచ్చింది. మీ పిల్లలు వీధి మలుపైనా దాటారా?" అని దెప్పుతోంది.

టోఫు కొట్టువాళ్ల అయూకా రోజూ వచ్చి చదువుకుని పోతోంది. "కయోకో అక్కా, నేనూ మినోరి అక్క దగ్గరికే వెళ్తా. ఆ తోటలోనే పని అడుగుతా" అంటోంది. ఏం చెప్పమంటావు?

నీ అక్షరాలు పక్కకి ఒరుగుతున్నాయేం? చెయ్యి బాగానే ఉందా?

నీ అక్క కయోకో

మార్చి 10

ప్రియమైన అక్కకి,

వాన. బూట్లు ఆరక పదిరోజులైంది.

ఇప్పుడు ఎర్ర ఎడారిలో ఉన్నాను. ఒక్కటే పెద్ద కొండరాయి, చుట్టూ ఏమీ లేదు. పొద్దు వాలుతుంటే రంగు మారుతుంది. ఆరేళ్ల క్రితం నువ్వు కెనడా వెళ్లినప్పుడు ఒక సరస్సు గురించి రాశావు, గుర్తుందా? "చూస్తూ చూస్తూ నా పేరే మర్చిపోయాను" అన్నావు. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. ఇక్కడ నాకూ అలాగే అనిపించింది.

బస్సులో రాస్తే అక్షరాలు ఒరగవా? అయూకాకి చెప్పు, తోటలో ఖాళీల్లేవు. అది వచ్చేస్తే అక్కడ టోఫు ఎవరు చేస్తారట?

నీ మినోరి

మార్చి 18

ప్రియమైన అక్కకి,

వాన. సిడ్నీ వచ్చాను. చాలా బాగుంది. కార్డులో చోటు లేదు.

నీ మినోరి

ఏప్రిల్ 1

ప్రియమైన మినోరికి,

మంచు కరుగుతోంది. చూరు నుంచి రోజంతా బొట్లు పడుతున్నాయి.

అయూకా ఒకరి మాట వినే పిల్లయితే కదా! టికెట్ కొన్నారు. మే పన్నెండున మీ దగ్గర దిగుతుంది. నీ తోటే, నీ గదే కావాలట. అమ్మ దాని చేత ముల్లంగి ఊరగాయ పంపుతోంది. "మినోరి ఉంది కదమ్మా, కన్నపిల్లలా చూసుకుంటుంది" అని వాళ్లమ్మ ధైర్యంగా ఉంది.

చూసుకుంటావు కదా?

నీ అక్క కయోకో

ఏప్రిల్ 12

అక్కా,

వాన.

ఆ పిల్లని ఆపు. కాళ్లు పట్టుకునైనా ఆపు. నేను ఎక్కడికీ వెళ్లలేదు. పగడాలు, ఎర్ర కొండ, సిడ్నీ, అన్నీ ఇక్కడి పోస్టాఫీసులో అమ్మే కార్డుల మీద చూసినవే. వచ్చినప్పటి నుంచీ ఈ షెడ్డులోనే ఉన్నాను. నీళ్లలో నిలబడి గెలల నుంచి అరటి హస్తాలు కోస్తాను. తొలివారంలోనే కత్తి జారి బొటనవేలు తెగింది. మేస్త్రీ గ్లెన్ గుడ్డ చుట్టి, "ఆస్పత్రికెళ్తే ఆ రోజు లెక్కలోకి రాదు" అన్నాడు. ఆ వేలు ఇప్పుడు వంగడం లేదు. భద్రంగా ఉంటుందని పాస్‌పోర్టు కూడా తీసుకున్నాడు. అరవై ఆరు రోజులయ్యాయి. వెళ్లిపోతానంటే నవ్వుతాడు. "ఎక్కడికి పోతావ్? నీ కాగితాలన్నీ నా దగ్గరే కదా" అంటాడు.

మొదటి ఉత్తరం మీరు బెంగపడకూడదని అలా రాశాను. అమ్మ అందరికీ చదివి వినిపిస్తోందని తెలిశాక ఇక నిజం రాయలేకపోయాను. భయంగా ఉంది అక్కా. కానీ అయూకాకి పందొమ్మిదేళ్లు. ఈ ఉత్తరం కూడా అద్దం పక్కన అంటించండి. పరువు పోతే పోనీ.

మినోరి

ఏప్రిల్ 22

ప్రియమైన మినోరికి,

ఇక్కడ ఎండ. చెర్రీలు పూశాయి.

అయూకా రావడం లేదు. దానికి ఎవరూ టికెట్ కొనలేదు. ఎంత అడిగినా నీ బాధ నువ్వు చెప్పవు. ఇంకో పిల్ల పడుతుందంటే మాత్రం ఊరుకోలేవు. అది తెలిసే ఆ అబద్ధం రాశాను. తిట్టు, పడతాను.

పగడాల దగ్గర వాన, ఎడారిలో వాన, సిడ్నీలోనూ వానే! అన్ని అబద్ధాలు రాశావు గానీ, నానమ్మ నేర్పిన మొదటి వాక్యంలో మాత్రం రాయలేకపోయావు. అది నాకెలా పట్టుబడిందంటే, నా కెనడా ఉత్తరాలు గుర్తు చేసుకో. ప్రతిదీ "కిటికీ అద్దాలకి ఆవిరి పట్టింది" అనే మొదలవుతుంది. ఆ ఆవిరి హోటల్ వంటగదిది మినోరీ. పదకొండు నెలలు గిన్నెలు తోమాను. నేను రాసిన సరస్సు ఆ గోడ మీది క్యాలెండర్‌లోది. అరగంట నడిస్తే అసలు సరస్సే ఉండేది. సెలవు రోజున ఒళ్లు తెలియకుండా నిద్రపోయేదాన్ని. నువ్వు దిండు కింద పెట్టుకున్నది ఆ క్యాలెండర్ బొమ్మనే. నిన్ను ఆ షెడ్డుకి పంపింది నేనే. నన్ను క్షమించు.

టికెట్ మాత్రం నిజం. మే పన్నెండున దిగేది నేను. అక్కడున్న మన దేశ కాన్సులేట్‌కి ఫోన్ చేశాను. పాస్‌పోర్టు ఎవరూ దాచుకోకూడదట, ఆ మాట కాగితం మీద రాసి పంపారు. ఆ గ్లెన్ ముందు ఇద్దరం నిలబడి అడుగుదాం. ఇవ్వకపోతే కొత్తది తీసుకుందాం. సంతకం సంగతి తర్వాత, ముందు నీ వేలు డాక్టరుకి చూపించాలి.

అమ్మకి నీ ఉత్తరం చదివి, నా సంగతీ చెప్పేశాను. ఎవరిదో గడ్డం సగంలో వదిలేసి కత్తి కింద పెట్టింది. "సరస్సు ఎలా ఉందే అని అడిగినప్పుడల్లా నువ్వు నీ చేతులు చూసుకునేదానివి. అప్పుడే గట్టిగా అడగాల్సింది" అంది. తర్వాత నీ పాత ఉత్తరాలు తీసేసి, ఈ చివరిది అంటించింది. అయూకా రెండుసార్లు చదువుకుంది.

తిరిగొచ్చే ముందు ఆ పగడాలు చూసే వద్దాం. అక్కడి నుంచి ఇద్దరం కలిసి అమ్మకి ఉత్తరం రాద్దాం. వాన పడితే వాన అని రాద్దాం, ఎండ కాస్తే ఎండ అని రాద్దాం.

నీ అక్క కయోకో