వంకాయ ఒరుగుల సంగతి

రైనావారి, శ్రీనగర్,
ఆదివారం.

మా ఇంటి కోడలు తస్లీమాకు అత్త మొఖ్తా సలాము, బోలెడన్ని దీవెనలు.

అల్లా దయవల్ల ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, మీ మామా, నా కొడుకు మంజూరూ, అటక మీద కాపురం పెట్టిన పిల్లీ. అక్కడ నువ్వూ, నా చిట్టి మనవరాలు రూహీ, మీ అమ్మగారూ, మీ తమ్ముడి పసివాడూ చల్లగా ఉన్నారని తలుస్తాను. చల్లగా అని అలవాటుగా రాసేశాను గానీ, మీ గురేజు కొండల్లో ఈపాటికి ఎలాగూ చల్లగానే ఉంటుంది. వెచ్చగా ఉండండి.

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. చదివి వినిపిస్తానని మీ మామ చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. నాలుగో తరగతి దాకా వెలగబెట్టిన దాన్ని, కూడబలుక్కుని నేనే చదువుకున్నాను. జవాబు కూడా నా చేత్తోనే రాస్తున్నాను. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి పక్కన కూర్చుని, "ఆ చుక్క పైన కాదు, కింద పెట్టాలి" అని ప్రాణం తీస్తారని, రొట్టెలు తెమ్మని బజారుకు తోలేశాను. నా రాత కోడి గీరినట్టుంటే ఏమీ అనుకోకు.

నువ్వు అయిదు సంగతులు అడిగావు. వరసగా చెబుతాను. మూడోది మాత్రం ఆఖరికి ఉంచుకుంటున్నాను.

రాగి గిన్నెలకు కళాయి వేయించారా అన్నావు. వేయించాం. కళాయివాడు వీధి మొదట్లో కొలిమి పెట్టుకున్నాడని తెలిసి, పెద్దవీ చిన్నవీ కలిపి పదకొండు గిన్నెలు మోసుకుపోయాను. ఇప్పుడు వాటిలో మొహం చూసుకోవచ్చు. నేను చూసుకున్నాను కూడా. చూసుకోకుండా ఉండాల్సింది, ఈ ఏడు నా బుగ్గలు బాగా జారిపోయాయి. రజాయిల్లో దూది గడ్డలు కట్టిందని నువ్వు అన్నది గుర్తుంచుకుని, దూది ఏకేవాణ్ని పిలిపించి అన్నీ విప్పించి ఏకించాను. ఇల్లంతా దూది ఎగిరి, మీ మామ గడ్డం ఏదో దూది ఏదో తెలియకుండా పోయింది. కింద పరిచే నమ్దాలు ఎండలో వేసి కర్రతో బాదాను. బాదుతుంటే పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఎవరి మీద కోపమమ్మా అంత?" అంది. "ఎవరి మీదా లేదు, దుమ్ము మీద" అన్నాను.

పై గది తూర్పు కిటికీలోంచి గాలి రాకుండా ఏమైనా చేశారా అన్నావు. అది మీ మామ నెత్తికెత్తుకున్నారు. "మేకులు కొట్టడం మగాళ్ల పని, నువ్వు కిందికి పో" అని నన్ను తరిమి, మధ్యాహ్నమంతా దడదడలాడించి, నాలుగు వైపులా ప్లాస్టిక్ బిగించేశారు. బాగానే కొట్టారు, అబద్ధం ఎందుకు చెప్పాలి, చీమ కూడా దూరదు. నేను వెళ్లి చూసి, "మరి ఆ తట్ట?" అన్నాను.

"ఏ తట్ట?"

"రెండు రోజుల్నుంచీ కిటికీ అవతల గట్టు మీద సొరకాయ ముక్కలు ఎండుతున్నాయే, ఆ తట్ట!"

ఆయన ప్లాస్టిక్‌కు ముక్కు ఆనించి చూశారు. "అదిగో, కనిపిస్తూనే ఉందిగా. ఎక్కడికీ పోలేదు" అన్నారు.

మళ్లీ మేకులన్నీ పీకించాను. పీకుతూ ఆయన, కొడుతూ నేను. ఇప్పుడు గాలి రావట్లేదు. పడుకుంటే రూహీకి చెవి నొప్పి రాదు.

మీ మామ దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గింది, మళ్లీ ఆయనే తెచ్చుకున్నారు. చినార్ ఆకులు ఈసారి కుప్పలు తెప్పలుగా రాలాయి. వీధి ఆడవాళ్లమంతా ఊడ్చి పోగేసి, నిప్పు పెట్టి, సగం కాలగానే నీళ్లు చిలకరించి చలికి ఒళ్లో పెట్టుకునే కాంగ్రీ కుంపట్ల కోసం బొగ్గు చేసుకున్నాం. ఎవరి బస్తాలు వాళ్లం కట్టుకున్నాం, మనకు ఏడు. ఆయన ఊరుకోవచ్చుగా? సాయం చేస్తానని పొగలోకి వచ్చి నిలబడి రెండు రోజులు ఖంగుఖంగుమన్నారు. సీమదానిమ్మ గింజలు నానబెట్టి ఇస్తే మొహం చిట్లించి, "కోడలు ఇస్తే ఇంత జిగురుగా ఉండేది కాదు" అన్నారు. అవే గింజలు, అదే గిన్నె. తాగమని కసిరాను, తాగారు.

మంజూర్ వేళకు తింటున్నాడా అన్నావు. తింటున్నాడు. కొట్లో చలికి పొడుగు ఫెరన్లు కుట్టించుకునే వాళ్లు వరసలు కట్టి ఉన్నారు, ఈ నెలంతా మిషను ఆగదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటాడు, పెట్టింది తింటాడు, లేస్తాడు. కూరలో ఉప్పు మర్చిపోయినా నోరు మెదపడు. ఎప్పుడూ ఇలా లేడు తల్లీ. నా వంటకు వంక పెట్టకుండా వీడికి ముద్ద దిగేది కాదు, నీకు తెలియనిదేముంది.

పసివాడి నలభయ్యో రోజు అయ్యాక వస్తానన్నావు. అది అయిపోయి పాతిక రోజులైంది. మంజూర్ నిన్ను తీసుకురావడానికి అక్కడికి వచ్చి, ఒక్కడే తిరిగొచ్చాడు. "ఎప్పుడొస్తుందట?" అని అడిగాను. "దారి మూసుకునేలోగా చూస్తానంది" అన్నాడు. చూస్తానంది, వస్తాననలేదు. వచ్చే నెల నడిమికి రాజ్‌దాన్ కనుమ మీద మంచు పడిందంటే, మళ్లీ వసంతం దాకా బస్సు కదలదు. ఆరు నెలలు. ఆ మాట తలచుకుంటే నాకు చేతిలో పని చేతిలోనే ఆగిపోతోంది. ఆ రోజు వాడు నా మొహంలోకి చూసి అడిగాడు: "అమ్మా, మనింట్లో తనకేమైనా కష్టం కలిగిందా?"

నేను పొయ్యి వైపు తిరిగి, పాలు పొంగుతున్నాయన్నాను. పాలు పొయ్యి మీద లేనే లేవు.

ఇక నీ మూడో ప్రశ్న. "అత్తయ్యా, ఈసారి వంకాయ ఒరుగులు దేంట్లో పెట్టారు?" అని అడిగావు. నువ్వు ఊరికే అడిగావో, కావాలనే అడిగావో నాకు తెలియదు. ఎలా అడిగినా నాకు చురుక్కుమంది. అక్కడే ఆగిపోయి, ఉత్తరం మడిచి రొమ్ములో దోపుకుని, ఒక గంట అటక మీద కూర్చున్నాను.

పోయిన ఏడు వంకాయలూ, సొరకాయలూ, టమాటాలూ నువ్వే కోశావు, నువ్వే ఎండబెట్టావు. పల్చని గుడ్డ సంచుల్లో పోసి అటక దూలాలకు వేలాడదీశావు, మీ గురేజులో చేసినట్టు. నాకు నచ్చలేదు. ఇరుగుపొరుగు వాళ్లు వస్తే అటక చూసి నవ్వుతారని నా గొడవ. నువ్వు జూనా వదిన కూతురి పెళ్లికి సాయం వెళ్లిన మూడు రోజుల్లో, ఆ సంచులన్నీ దింపి, పెద్ద రేకు డబ్బాలో అదిమి పెట్టి మూత బిగించాను. పొద్దునే కడిగిన డబ్బా అది. అడుగున తడి ఆరిందో లేదో చెయ్యి పెట్టి చూడను కూడా చూడలేదు. నువ్వు తిరిగొచ్చి, "అత్తయ్యా, డబ్బాలో గాలి ఆడదేమో" అన్నావు. "నాకు నేర్పకు, నీకంటే ముప్పై చలికాలాలు ఎక్కువ చూశాను" అన్నాను.

తర్వాత ఆ మంచు రోజు. బజారులో పచ్చాకు లేదు, దారులు లేవు. జూనా వదిన కొత్తల్లుణ్ని వెంటబెట్టుకుని భోజనానికి వచ్చింది. డబ్బా మూత తీస్తే తెల్లటి బూజు, ముక్కు మూసుకోవాల్సిన కంపు. వదిన కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవరి నిర్వాకమే ఇది?" అంది. నా నోటికి ఏం పట్టిందో తస్లీమా, నేను నీ వైపు చూపించాను. చూపించి ఊరుకున్నానా? "కొండల్లోంచి వచ్చిన పిల్ల, దానికేం తెలుస్తుంది" అన్నాను. ఏటా ఆరు నెలలు మంచులో మూసుకుపోయే ఊరి పిల్లను పట్టుకుని, చలికాలానికి తిండి దాచుకోవడం రాదన్నాను. వదిన ఇంకో నాలుగు అంటించింది. నువ్వు నా వైపు ఒక్కసారి చూశావు. అంతే. వెళ్లి గుడ్ల కూర వండి పెట్టావు. "అది నేను కాదు, అత్తయ్యే" అని ఒక్క మాట అంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నువ్వు అనలేదు. నీ మొగుడికి కూడా చెప్పలేదు. తొమ్మిది నెలలు నా పరువు నువ్వు మోశావు. నేను హాయిగా ఉప్పు టీ తాగుతూ కూర్చున్నాను.

నా తప్పు తల్లీ. మొత్తం నాదే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈసారి ఒరుగులు గుడ్డ సంచుల్లోనే పోసి దూలాలకు కట్టాను. పోయిన శుక్రవారం జూనా వదిన వచ్చింది, ఆ అల్లుడూ వచ్చాడు. అటక ఎక్కి చూసొచ్చి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమే మొఖ్తా, పాతబట్టల కొట్టు పెట్టావా పైన? ఇది ఆ గురేజు పిల్ల పద్ధతి కదూ? అలా చేసే కదా పోయినేడు బూజు పట్టించింది?"

మీ మామ, మంజూర్ అక్కడే భోంచేస్తున్నారు. అయినా అన్నాను: "బూజు పట్టించింది తను కాదు వదినా. నేను."

"ఏంటే, ఏమన్నావ్?"

"తడి డబ్బాలో కుక్కింది నేను. వద్దని తను చెప్పింది. నేనే వినలేదు."

వదిన నోరు తెరిచి కాసేపు మూయలేదు. ఆమె నోరు మాటల్లేకుండా తెరుచుకుని ఉండటం పెళ్లయిన ఈ ముప్పై ఆరేళ్లలో మొదటిసారి చూశాను. తర్వాత విరుచుకుపడింది. "ఓసి నీ మొహం మండ! మరి ఆ రోజు అల్లుడి ముందు నన్ను అన్నేసి మాటలు అననిచ్చావే! ఆ పిల్ల ఉసురు నాక్కూడా అంటించావు కదే!"

అల్లుడు మెల్లగా, "ఆ రోజు గుడ్ల కూర చాలా బాగుందండీ. చెబుదామనుకున్నా, భయమేసి ఊరుకున్నా" అన్నాడు. వదిన చూసిన చూపుకు మళ్లీ కంచంలోకి తల దించుకున్నాడు.

మంజూర్ ముద్ద చేతిలోనే పట్టుకుని, "తనకి తెలుసా అమ్మా?" అన్నాడు.

"మొదటి రోజు నుంచీ తెలుసు."

"నాతో ఒక్క మాట కూడా అనలేదు" అని చెయ్యి కడుక్కుని లేచాడు. నా మీద అరిచి ఉంటే బాగుండేది. మర్నాడు కొట్టు నుంచి వస్తూ రెండు కాంగ్రీలు తెచ్చాడు. ఒకటి రంగురంగుల అల్లికది, ఒకటి రూహీ చేతికి సరిపోయే బుల్లిది. గూట్లో పెట్టి, "అమ్మా, వస్తుందంటావా?" అన్నాడు. పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. నిన్ను రమ్మని ఈ ఉత్తరంలో అడగను. నలుగురి ముందు అన్న మాటకు కాగితం మీద క్షమాపణ చాలదు. అందుకని నేనే వస్తున్నాను. వచ్చే శుక్రవారం బందీపూర్‌లో మా చెల్లెలింట్లో పడుకుని, శనివారం పొద్దుటి బస్సు ఎక్కుతాను. మంజూర్ తోడొస్తానన్నాడు, వద్దన్నాను. నోరు పారేసుకున్నది నేను, ఏరుకోవాల్సిందీ నేనే. మీ మామ, "ఊళ్లోనే నిషాత్ దాకా బస్సెక్కితేనే కడుపులో తిప్పే మనిషివి, రాజ్‌దాన్ మలుపులు తట్టుకుంటావా?" అన్నారు. తట్టుకోను. దారి పొడుగునా కక్కుకుంటూనే వస్తాను. కోడలి పుట్టింటికి అత్త ఒంటరిగా పోవడం ఎక్కడైనా ఉందా అని జూనా వదిన అంది. లేదు, నాకూ తెలుసు.

వద్దని జవాబు రాయాలనుకుంటే రాసుకో, అది ఇక్కడికి చేరేసరికి నేను బయల్దేరి ఉంటాను. మీ అమ్మగారి పొయ్యి ముందు కూర్చుని, మీ వాళ్లంతా వింటుండగా, మీ పిల్ల తప్పు ఏమీ లేదు, తప్పు నాదేనని చెబుతాను. ఆ తర్వాత నీ ఇష్టం. వస్తానంటే ఇద్దరం రూహీని మధ్యలో కూర్చోబెట్టుకుని దిగుదాం. రానంటే బలవంతపెట్టను, ఒట్టు. కానీ నువ్వు లేకుండా ఆ కొండ నేను దిగను. మంచు పడితే పడనీ, దారి మూసుకుంటే మూసుకోనీ. ఈ చలికాలానికి ఇంకో మనిషికి సరిపడా ఎండబెట్టుకోమని మీ అమ్మగారికి చెప్పు.

ఇట్లు,
శనివారం సాయంత్రం మీ గుమ్మంలో నిలబడబోయే
మీ అత్త,
మొఖ్తా.