కారం కలపకముందు తీసిన వాటా

ఆగస్టు 9. ముసురు. ఉతికిన బట్టలు గదిలోనే ఆరేశాను.

పాప వాళ్ళమ్మకు, నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఇవాళ కోడిమాంసం వేసి చైనా నూడుల్స్ చేశాను. నువ్వు చెప్పినట్టే ఉడికినవి చన్నీళ్ళలో కడిగి నూనె రాశాను, ఒక్కటీ అంటుకోలేదు. మూకుడులో అన్నీ వేయించి, కారం వేయబోతూ, అలవాటుగా పాప వాటా చిన్న పళ్ళెంలోకి తీసేశాను.

గదిలో నాతో ఉండే దర్జీ చూసి, "ఆ చప్పిడి కూడు ఎవరికి, అన్నా? మనిద్దరిలో పసిపిల్లాడెవరు?" అన్నాడు. అది నేనే తిన్నాను.

పాప ఇప్పుడు కారం తింటోందా? తింటున్నా సరే, నేను వచ్చాక మొదటిసారి దానికి విడిగానే తీస్తాను, నువ్వేమీ అనకు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అత్తయ్యకు నమస్కారాలు, పాపకు ఆశీస్సులు. మూకుడు నానబెట్టాను, ఇక లేచి తోమాలి. ఉంటాను.