ఢావ్లోకు చాలని కరెంటు

సెప్టెంబర్ 14, 2011. మహబూబాబాద్

తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. భూపాలపల్లి నుంచి ఎల్లేశ్ ఫోన్ చేశాడు. బాయి బందు వెట్టినం, ఒక్క పెళ్ల బొగ్గు గూడ పైకి రాదు అన్నాడు. పెళ్లయ్యాక ఆయన గొంతు అంత హుషారుగా వినడం ఇదే మొదటిసారి. జీతం సంగతి నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మధ్యాహ్నం షాపుకు చాంద్యా కాక వచ్చాడు. మరిపెడ దగ్గరి తండా. శ్రావణంలో వాళ్ల బిడ్డ మంగ్లీ పెళ్లయింది. ఆ వీడియో మిక్సింగ్ నా దగ్గరే ఉంది. పెండ్లి క్యాసెట్ ఎప్పుడైతది బిడ్డా, ఇంట్లదాని పానం బాగలేదు, జర జల్ది చెయ్యి అన్నాడు. సీడీని, డీవీడీని ఆయన క్యాసెట్ అనే అంటాడు. ఇంట్లది అంటే భార్య తుల్సీబాయి. బిడ్డ పెళ్లినాడు కూడా ఆమె వరంగల్ దవాఖానలోనే ఉందట.

వారంలో ఇస్తానన్నాను.

సెప్టెంబర్ 20

కరెంటు రెండు గంటలు ఉంటే నాలుగు గంటలు ఉండదు. బొగ్గు లేదు కాబట్టి కరెంటు లేదు. బొగ్గు తియ్యనిది నా మొగుడే. ఎవరిని తిట్టను?

మూడు గంటల పెళ్లి వీడియో రెండర్ కావాలంటే, అంటే బొమ్మ, పాట అన్నీ కలిసి ఒక్క ఫైలు కావాలంటే, నా పాత కంప్యూటర్‌కు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కావాలి. కరెంటు పోతే మళ్లీ మొదటికి. యూపీఎస్ షట్‌డౌన్ చేసుకునే టైమ్ మాత్రమే ఇస్తుంది. ముక్కలు ముక్కలుగా చేసి చూశాను. అతుకుల దగ్గర పాట తెగిపోతోంది.

ప్రాసెసర్ మార్చాలి. వేరే దారి లేదు.

సెప్టెంబర్ 23. జనగామ నుంచి వస్తూ, రైల్లో

బస్సులు లేవు. రేపటి నుంచి రైల్ రోకో అంటున్నారు. అందుకే ఇవాళే జనగామ పోయాను. అక్కడ కంప్యూటర్ షాపు పెట్టిన ప్రకాశ్ నాతోపాటు డిప్లొమా చదివాడు. ఇప్పుడు పైసలు లేకున్నా సామాను ఇచ్చేది అతనొక్కడే.

మూడు డబ్బాలు నా ముందు పెట్టాడు.

మొదటిది కొత్త రకం, లాక్ లేనిది, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి గుంజొచ్చు. వేగంలో దానికి సాటి లేదు. ఎంత గుంజినా చల్లగా ఉంటుందట. కానీ దానికి కొత్త మదర్‌బోర్డు కావాలి, కొత్త ర్యామ్ కావాలి. అన్నీ కలిపితే ఎల్లేశ్ నెల జీతం దాటుతుంది. ఆ జీతమే లేదు.

రెండోది కూడా కొత్తదే, కానీ లాక్ ఉంది. కంపెనీ ఇచ్చిన వేగం మీదే నడుస్తుంది. ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా హ్యాంగ్ కాదన్నాడు. దానికీ బోర్డు మార్చాలి. అయినా రెండు గంటల కరెంటులో నా పని కాదు.

మూడోది పాత మోడల్. నాలుగు కోర్లు. నా బోర్డులోనే కూర్చుంటుంది. లాక్ లేదు. డబ్బా మీద 3.2 గిగాహెర్ట్జ్ అని ఉంది. కూలర్ మంచిది వేస్కుంటే 3.8 దాకా గుంజొచ్చు అక్కా అన్నాడు ప్రకాశ్. గుంజితే రెండు గంటల్లో అయిపోతుంది. లెక్క వేసి చూశాను. అంచు మీద అయిపోతుంది.

అయితే గుంజినంక ఒక రోజంతా స్ట్రెస్ టెస్ట్ పెట్టాలె, గది పాసైతేనే నమ్మాలె అన్నాడు. రోజంతా కరెంటు ఎక్కడుంది ప్రకాశ్ అన్నాను. నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి, గట్లయితే గుంజకు అక్కా, ఉన్నకాడికి నడిపిచ్చుకో అన్నాడు.

మూడోదే తీసుకున్నాను. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఘన్‌పూర్ స్టేషన్లో జై తెలంగాణ అంటూ పిల్లలు ఎక్కారు. నేనూ అన్నాను.

సెప్టెంబర్ 27

బిగించాను. పేస్ట్ పూశాను, కూలర్ పెట్టాను. వేగం పెంచే మల్టిప్లయర్ ఒక్కో మెట్టు పైకి జరిపాను. 3.4. 3.6. వోల్టేజ్ పెంచకుండా ఇంతవరకూ వచ్చింది. 3.8కి రాగానే బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిపోయింది. వోల్టేజ్ కొంచెం పెంచాను. నిలబడింది.

గంటన్నర టెస్ట్ నడిచింది, కరెంటు పోయింది. పాసా ఫెయిలా తెలియదు. ఫెయిల్ కాలేదు, అంతే.

సెప్టెంబర్ 30

ఒక బర్త్‌డే ఫంక్షన్ చేసి ఇచ్చాను. బాగా వచ్చింది. చాలా రోజుల తర్వాత ఒక పని పూర్తయింది. అన్నం రుచిగా అనిపించింది.

ఎల్లేశ్‌కు చెప్తే, నువ్వు గూడ మాలెక్కనే, మిషన్ పానం తీస్తున్నవ్ అన్నాడు.

అక్టోబర్ 2

మంగ్లీ పెళ్లి రెండర్ పెట్టాను. ముప్పాతిక భాగం అయ్యాక ఎర్రర్. మళ్లీ పెట్టాను. ఈసారి సగంలో హ్యాంగ్. ఎండ దంచుతోంది, గదిలో ఉక్క. వేడికా? వోల్టేజ్‌కా? దేనికో తెలియాలంటే టెస్ట్ నడవాలి. టెస్ట్ నడవాలంటే కరెంటు ఉండాలి.

3.2కి దించితే నిలబడుతుంది. కానీ రెండు గంటల్లో అవ్వదు. నిలబడితే చాలదు, చాలితే నిలబడదు.

అక్టోబర్ 5

వీధిలో ఇంకా నిన్నటి సద్దుల బతుకమ్మ పూలు తొక్కుడుపడి ఉన్నాయి. చాంద్యా కాక వచ్చాడు. చెప్పులు బయట విడిచి, లోపలికి రాకుండా గడపలో కూర్చున్నాడు. దవాఖానోళ్లు తుల్సీబాయిని ఇంటికి తీసుకుపొమ్మన్నారట.

ఇంకో నాలుగు రోజులు కాకా అన్నాను. ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు మొత్తం పెండ్లి ఎందుకు బిడ్డా, గా ఢావ్లో ఒక్కటి ఇయ్యరాదు అన్నాడు.

ఏంది కాకా అది అన్నాను.

అత్తగారింటికి పోయేటప్పుడు పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడుతుందట. దాన్నే ఢావ్లో అంటారట. తల్లి దవాఖానలో ఉంటే మంగ్లీ మేనత్త మెడ పట్టుకుని పాడింది. నా బిడ్డ నా మెడ వట్టుకొని ఏడ్వలే, గది ఒక్కపారి ఇనాలె అని రోజూ అడుగుతోందట. మంగ్లీ ఇక్కడ లేదు. మొగుడితో పూనా పనికి పోయింది. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియక రాలేకపోతోంది. ఫోన్లో పాడమంటే ఏడుపే వస్తోంది, పాట రావడం లేదట.

ఆ ఏడుపు నేను చూశాను. నాకు వాళ్ల భాష రాదు. ఒట్టి ఏడుపే అనుకుని సౌండ్ తీసేసి, మీద సినిమా పాట వేశాను.

అది పన్నెండు నిమిషాల ముక్క. నేను మొదటి రోజే అడిగి ఉంటే, ఆయన మొదటి రోజే చెప్పి ఉంటే, పాత ప్రాసెసర్ మీద కూడా అయిపోయేది. వారంలో ఇస్తానని ఊరికే అనేశాను. ఏది కావాలని అడగలేదు.

అదే రోజు, సాయంత్రం

జరిగింది రాస్తాను.

కరెంటు పోవడానికి పావుగంట ఉంది. మరిపెడ వైపు పోయే జీపు ఒక్కటే, అదీ బయలుదేరబోతోంది. సినిమా పాట తీసేసి అసలు సౌండ్ పెట్టాను. 3.2 మీద రెండర్, డిస్కు రాయడం, రెండూ కలిపి పావుగంట దాటుతాయి. 3.8 మీద సరిపోతాయి. చాంద్యా కాక గడపలో నిలబడి జీపు వైపు చూస్తున్నాడు.

3.8లోనే పెట్టాను.

ఎర్రర్ రాలేదు. డిస్కు వచ్చింది. మొదటి నిమిషం చూశాను, బాగుంది. కరెంటు పోయింది. ఆయన చేతిలో పెట్టాను. నా తల మీద చెయ్యి పెట్టి, సల్లగుండు బిడ్డా అని పరుగెత్తాడు.

అక్టోబర్ 6. దసరా

ఎల్లేశ్ రాలేదు. జమ్మి ఆకు ఎవరికీ ఇవ్వలేదు.

అక్టోబర్ 7

చాంద్యా కాక కొడుకుతో ఫోన్ చేయించాడు. నిన్న తండాలో కరెంటు వచ్చిందట. తుల్సీబాయిని మంచంతో సహా టీవీ ముందుకు తెచ్చారట. మంగ్లీ కనపడగానే ఆమె చెయ్యి ఎత్తిందట. మూడు నాలుగు నిమిషాలు బాగానే ఆడింది. తర్వాత మంగ్లీ ముఖం పచ్చటి గళ్లు గళ్లుగా పగిలిపోయి, గొంతు గీరుకుపోయి కీచుమని మోగి, అక్కడే నిలిచిపోయిందట. చాంద్యా కాక ఫోన్ తీసుకున్నాడు. కోపం లేదు. పిల్లకేమైంది, పిల్లకేమైంది అని రాత్రంత ఒకటే మొత్తుకున్నది బిడ్డా, ఏం గాలే, క్యాసెట్ ఖరాబైంది అంటే ఇంటలేదు అన్నాడు.

మంగ్లీతో ఫోన్ చేయించారట. గొంతు విని, ఇది నా బిడ్డ కాదు అందట.

ఎర్రర్ రాకుండా కూడా చెడిపోతుందని నాకు తెలుసు. ప్రకాశ్ చెప్పాడు. బ్లూ స్క్రీన్ వస్తే అదృష్టం అక్కా, రాకుండ ఖరాబైతె గదే డేంజర్ అన్నాడు. అది ఆరోజు ఈ డైరీలో రాయలేదు.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. మల్టిప్లయర్ 3.2కి దించాను. వోల్టేజ్ మామూలుకు తెచ్చాను. పన్నెండు నిమిషాల ముక్క నిదానంగా నడిచింది. చివరి దాకా కూర్చుని చూశాను. చుక్క కూడా తేడా లేదు. ఆ పాటలో ఒక మాట మాటిమాటికీ వస్తుంది. యాడీ. అది ఒక్కటి నాకు కూడా అర్థమైంది. అమ్మా అని.

అక్టోబర్ 8

ఆటో మాట్లాడుకుని కురవి మీదుగా తండాకు పోయాను. దారిలో రాస్తా రోకో. టైర్లు తగలబెట్టారు. రెండు గంటలు ఆపారు. దవాఖాన కేసు అని చెప్పినా వినలేదు. వాళ్లను ఏమీ అనలేకపోయాను. ఎవరో నా చేతికి గులాల్ రాశారు.

తండా మొదట్లోనే ఏడుపులు వినిపించాయి. ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని పాడుతూ ఏడుస్తున్నారు. వెంటనే ఆటో దిగలేదు. తర్వాత దిగాను.

చాంద్యా కాక నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను డిస్కు బయటికి తియ్యలేదు.

అక్టోబర్ 17

షాపు తెరవలేదు.

అక్టోబర్ 25

సమ్మె విరమించారు. తెలంగాణ రాలేదు. ఎల్లేశ్ మొదటి షిఫ్టులో దిగాడట. మాట్లాడలేదు, మెసేజ్ పెట్టాడు. దిగిన అని.

నవంబర్ 3

మంగ్లీ వచ్చింది. పూనా నుంచి వచ్చి వారమైందట. డిస్కు ఇస్తే వద్దంది. యాడి నన్ను గుర్తువట్టిందా అక్కా అని అడిగింది.

పట్టింది అన్నాను.

నేనప్పుడు అక్కడ లేను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా తల ఊపి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.