విల్లో బెండ్ మేటి పదకొండుమంది

అక్టోబరు 4, శుక్రవారం. ఉదయం 6.10

కొత్త నోటు పుస్తకం. కొత్త పెన్ను. పెన్ను విత్తనాల కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చింది. రాస్తోంది, చాలు.

నిన్న మా వారపత్రిక ఎడిటరు జెనీవా స్టాంగ్ ఫోన్ చేసింది. విల్లో బెండ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఈ ఏడాదితో నూట పాతిక సీజన్లు నిండుతాయి. ఇన్నేళ్లలోకీ మేటి పదకొండుమందిని ఏరి ఇవ్వాలట. "అరవై ఏళ్లుగా మన మైదానంలో ఒక్క ఆట వదల్లేదు నువ్వు. నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది ఎల్డన్?" అంది. నిజమే. పద్దెనిమిదో తేదీకల్లా ఇవ్వాలి. పాతికన అచ్చు వేస్తుంది.

నియమాలు:

1. లెక్కలే ప్రమాణం. ఎన్ని గజాలు పరిగెత్తాడు, ఎన్ని విసిరాడు, ఎన్ని పట్టాడు. అంతే.
2. బంధువులు పనికిరారు.
3. చచ్చిపోయాడని జాలి వద్దు. బతికున్నాడని భయం వద్దు.
4. అచ్చయ్యేదాకా ఒక్కరికి కూడా చెప్పను.

వారం రోజుల పని!

6.40. లవోన్‌కి చెప్పాను. భార్య 'ఒక్కరి' లెక్కలోకి రాదు.

అక్టోబరు 5, శనివారం. సాయంత్రం 4

కాలేజీ లైబ్రరీ నేలమాళిగలో మూడు ఆపిల్ పెట్టెల నిండా పాత స్కోరు పుస్తకాలు. ఎలుకలు 1933ని తినేశాయి. ఆ ఏడు ఎలాగూ ఒక్క ఆట కూడా గెలవలేదు.

ఏడుగుర్ని ఏరేశాను. ఒక్క రోజులో ఏడుగురు! ఈ పని నాకు ఎప్పుడో అప్పగించాల్సింది.

మా కోత మిషన్ గేర్‌బాక్సు మంగళవారం విరిగింది. కొత్తది రావడానికి ఆరు వారాలట. ఫరవాలేదు. లవోన్ వాళ్ల అన్నయ్య వర్జిల్ తన చేను కాగానే మిషన్ తెస్తానన్నాడు. నూట అరవై ఎకరాల మొక్కజొన్న. కాడలు అప్పుడే మెత్తబడుతున్నాయి. వర్జిల్ మిషన్‌కి రెండు రోజుల పని.

అక్టోబరు 7, సోమవారం. మధ్యాహ్నం 2

క్వార్టర్‌బ్యాక్. బంతి విసిరేవాడు. జట్టుకి తలకాయ లాంటివాడు.

ఇద్దరే లెక్కకి ఆనుతున్నారు.

క్లీటస్ ఒల్సన్, 1957-59. గీత దాటించిన బంతులు 30. అవతలివాళ్ల చేతుల్లో పెట్టినవి 19. చనిపోయాడు.
వర్జిల్ హోలెక్, 1970-72. దాటించినవి 31. అవతలివాళ్ల చేతుల్లో పెట్టినవి 23. మా బావ.

ఆ ఇరవై మూడింట్లో ఆరు ఒక్క ఆటలోవే. 1971 అక్టోబరు 16, డేన్ హిల్ కాలేజీ మీద. ఆ పేజీ తొందరగా తిప్పేశాను.

క్లీటస్‌ని రాశాను. లెక్క లెక్కే. పైగా నియమం 2.

5.30. లవోన్‌కి చెప్పాను. ఆమె బంగాళాదుంపలు తొక్క తీస్తూ, "మా అన్నయ్య మిషన్ తెచ్చాక చెప్తే పోయేది" అంది.

అక్టోబరు 8, మంగళవారం. ఉదయం 9.15

గోదాం దగ్గర కాఫీ బల్ల. ధాన్యం తూచేవాళ్లు, తూయనివాళ్లు అందరూ ఉన్నారు. నేను కూర్చోకముందే మెర్ల్ అందుకున్నాడు.

"ఏరా ఎల్డన్, బతికున్న బావని తీసేసి చచ్చిన క్లీటస్‌ని పెట్టావట?"

"ఎవరన్నారు?"

"మా ఆవిడ. మీ ఆవిడ చెప్పింది. మీ ఆవిడకి నువ్వు చెప్పావు. ఇందులో పరిశోధన ఏముంది?"

వర్జిల్ బల్ల చివర ఉన్నాడు. కాఫీ సగంలో వదిలి కప్పు పక్కకి తోశాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"పోనీలే," అన్నాడు మెర్ల్. "అన్నట్టు, బంతి తన్నేవాడి చోటు ఖాళీయేనా? నేను తన్నేవాణ్ణి గుర్తుందిగా. అరవై గజాలు, డేన్ హిల్ మీద."

అక్టోబరు 9, బుధవారం. సాయంత్రం 6

వర్జిల్‌కి ఫోన్ చేశాను.

"బావా, మా చేనుకి ఎప్పుడొస్తావు?"

"చూద్దాం."

మా వైపు 'చూద్దాం' అంటే ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు.

అక్టోబరు 11, శుక్రవారం. మధ్యాహ్నం 1

జనం వస్తున్నారు. వచ్చినవి: గసగసాల బన్నులు రెండు పళ్లాలు. పంది సాసేజీ, మూర పొడవు. ఒక బకెట్ వాల్‌నట్లు, ఒలవనివి. ఇచ్చినవాళ్లెవరూ జాబితా మాట ఎత్తరు. వాతావరణం గురించి మాట్లాడి, లేచేటప్పుడు తమ చొక్కా నంబరు చెప్పి వెళ్తారు.

తొంభై ఒక్కేళ్ల ఆల్ఫ్రెడ్ 1949లో ప్రత్యర్థిని ఎలా అడ్డుకున్నాడో మా వరండాలో చేసి చూపించాడు. బయటి తలుపు విరిగింది. ఆల్ఫ్రెడ్‌కి ఏమీ కాలేదు. అతన్ని జాబితాలో వేశాను. తలుపు కూడా ఒక లెక్కే.

జాబితాలో ఇప్పుడు పందొమ్మిదిమంది. తప్పు లేదు. పదకొండు అన్నది పత్రికవాళ్ల మాట. ఆటన్నాక దెబ్బలు తగులుతాయి. అదనంగా మనుషులు ఉండాలి.

అక్టోబరు 13, ఆదివారం. మధ్యాహ్నం 12.30

చర్చిలో శాంతి చెప్పుకుంటూ చేతులు కలిపేటప్పుడు ముగ్గురు నంబర్లు చెప్పారు.

ముప్ఫై నలుగురు.

గురువారం గాలి అని రేడియో. గంటకి నలభై అయిదు మైళ్లు. ఈ కాడలకి అంత గాలి అక్కర్లేదు, గట్టిగా తుమ్మితే చాలు. చేను పడితే కంకులు నేలమీదే. మిషన్ నేలమీదవి ఏరదు.

"ఒక్క పేరు మార్చు. మొక్కజొన్న ఇంటికొస్తుంది," అంది లవోన్.

"లెక్కలు ఒప్పుకోవు."

"ఏ లెక్కలు? ఆ డేన్ హిల్ ఆటవా?"

అని నా మొహంలోకి చూసింది. పిల్లులకి అన్నం పెట్టాలని గుర్తొచ్చి బయటికి వెళ్లాను. పొద్దునే పెట్టాను నిజానికి. మళ్లీ తిన్నాయి.

అక్టోబరు 15, మంగళవారం. మధ్యాహ్నం 3

ఎనభై ఏడుమంది. అందులో ఒకడు డప్పు వాయించేవాడు.

చేను వెంట నడిచాను. పడమటి వైపు కాడలు అప్పుడే ఒకదాని మీద ఒకటి వాలుతున్నాయి.

సరే. రాసేస్తాను.

1971 అక్టోబరులో మా నాన్న కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. చేను నిలబడి ఉంది. నేను కొయ్యాలి. కానీ అంతకు ముందు ఏడు మిషన్‌తో గేటు స్తంభమూ, కోళ్ల గూడు సగమూ పీకేశాను. "వాణ్ణి మిషన్ ఎక్కనివ్వకండి" అని నాన్న మంచం మీంచే కబురు పెట్టాడు. వర్జిల్ కోతలో దిట్ట. కానీ శనివారం ఆట ఉంది. కోతకని ఒక్క ఆట మానినా జట్టులోంచి తీసేస్తాడు కోచ్ ఉల్రిక్.

అయితే కోచ్‌కి ముఖాలు గుర్తుండేవి కావు. నంబరు చూసి పిలిచేవాడు. అందుకని కోతల నెలలో జట్టులో ఎవడి చొక్కా ఎవడు తొడుక్కునేవాడో వాడికే తెలుసు. తలకి హెల్మెట్ ఎలాగూ ఉంటుంది. అది మోసం అని ఎవరూ అనుకోలేదు. చేను ఆగదు, కోచ్ ఆగడు. మధ్యలో ఆగేది చొక్కా ఒక్కటే.

ఆ శనివారం వర్జిల్ మా చేను కోశాడు. నేను అతని పన్నెండో నంబరు చొక్కా తొడుక్కున్నాను. ఎప్పుడూ ఆటలోకి దిగకుండా బెంచీ మీదే కూర్చునే నా అరవై మూడో నంబరు లేదని ఎవరికీ పట్టలేదు. ఆరు బంతులు డేన్ హిల్ వాళ్ల చేతుల్లో పెట్టాను. ఏడోది వాళ్ల బ్యాండువాడి పెద్ద బూరలో పడింది. అది లెక్కలోకి రాలేదు.

ఇరవై మూడులో ఆరు పోతే పదిహేడు. క్లీటస్‌వి పందొమ్మిది.

నియమం 1 ప్రకారం వర్జిలే.

4.10. లవోన్‌కి చెప్పాను. "నేను ఆ రోజు ఆటకి వచ్చాను," అంది. "మా అన్నయ్య నడక నాకు తెలీదూ? నువ్వు బాతులా నడుస్తావు."

"మరి నలభై ఆరేళ్ల కాపురంలో ఒక్కసారీ అనలేదే?"

"నువ్వు అంటావేమోనని చూశాను."

అక్టోబరు 16, బుధవారం. ఉదయం 11

కాఫీ బల్ల దగ్గర అందరి ముందూ లేచి నిలబడి చెప్పేశాను. ఆ ఆరూ నావి. వర్జిల్‌వి పదిహేడే. ఇక జాబితా సరి అయిపోయిందనుకున్నాను.

పుట్టి మునిగింది.

మెర్ల్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చెప్పావు కాబట్టి చెప్తున్నా. ఆ అరవై గజాలు తన్నింది నేను కాదురా. మా తమ్ముడు. నేను సోయా కోతలో ఉన్నా."

తర్వాత ఒక్కొక్కరే. ఒకడు ఆ రోజు ధాన్యం లారీలో ఉన్నాడు. ఒకడు పన్ను పీకించుకుంటున్నాడు, కోతకి సంబంధం లేదు, అందరూ మారుతున్నారు కదా అని మారాడు. కాగితం చేతిసంచీ మీద లెక్క వేశాం. ఆ రోజు మైదానంలో ఉన్న మా పదకొండుమందిలో తమ చొక్కా తామే తొడుక్కున్నవాళ్లు ముగ్గురు.

విత్తనాలు అమ్మడానికి వచ్చిన డేన్ హిల్ మనిషి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "మా వైపు ఆరూ పట్టింది పాస్టరు గారి అబ్బాయని మీ పుస్తకంలో ఉంది కదా? అబ్బాయి కోతలో ఉన్నాడు. పట్టింది పాస్టరు గారే."

ఇక ఆల్ఫ్రెడ్. చేతికర్రతో నేలమీద కొట్టాడు. "కోచ్ సంగతి ఎవరూ చెప్పరేంట్రా? అతనికి ఎనభై ఎకరాలుండేవి. అక్టోబరులో టోపీ పెట్టుకుని గీత పక్కన నిలబడ్డది నేను. నాకూ మీ ముఖాలు తెలీవు. నంబరు చూసి పిలిచేవాణ్ణి."

"1958లో క్లీటస్?" అన్నాను.

"క్లీటస్ ఎవరు?" అన్నాడు ఆల్ఫ్రెడ్. "వాళ్లు ముగ్గురన్నదమ్ములు. చొక్కా ఒక్కటే."

ఎనభై ఏడుగురిలో ఒక్క పేరూ నిలవలేదు. డప్పువాడు తప్ప.

బయటికొచ్చాక వర్జిల్ తన ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్నెవడు దండోరా వెయ్యమన్నాడ్రా?"

"నీ పేరు మీద పడ్డ మచ్చ కదా బావా..."

"మచ్చేంటి? ఈ బల్ల దగ్గరికి కొత్తవాడు ఎవడొచ్చినా మొదట నా ఆరు సంగతే అడుగుతాడు. ఏడోది బూరలో పడిందని నేను చెప్తుంటే పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నేనక్కడ లేకపోయినా నీకంటే బాగా చెప్తాను. ఇప్పుడు నేనేం చెప్పుకోను?"

"మరి జాబితాలో నీ పేరు లేదని కాదూ నీ కోపం?"

"జాబితా ఎవడిక్కావాలి? క్లీటస్ నాకంటే మొనగాడు. ముగ్గురైనా సరే. ఆ పేజీ నీ చేత్తో తిప్పి, లెక్కలూ లెక్కలూ అని నా మొహం చూడకుండా కూర్చున్నావు చూడు. నా దగ్గరికొచ్చి నాకు చెప్పాల్సింది. ఊరికి కాదు."

ట్రక్కు ఎక్కి వెళ్లిపోయాడు. మిషన్ మాట అలాగే ఉండిపోయింది.

అక్టోబరు 17, గురువారం. ఉదయం 7.20

గాలి లేచింది. వర్జిల్ వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. మిషన్‌కి గ్రీజు పెడుతున్నాడు. తలెత్తలేదు.

"బావా, ఆ ఆరూ నేనే."

"తెలుసు."

"మా చేను కోసిపెట్టినందుకు నీ పేరు మీద పడ్డాయి."

"తెలుసు." గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "గింజలో తేమ ఎంతుంది?"

"పదహారు."

"తొమ్మిదికి వస్తా. గాలి పెద్దది కాకముందు పడమటి వైపు కోద్దాం."

సాయంత్రం 7. నూట పదెకరాలు అయింది. పన్నెండెకరాలు నేల కరిచింది. మిగతాది రేపు.

నన్ను మిషన్ ఎక్కనిచ్చాడా? లేదు. గేటు దగ్గర నిలబెట్టాడు, స్తంభం చూసుకోమని.

అక్టోబరు 18, శుక్రవారం. సాయంత్రం 5

జెనీవా ఫోన్. "జాబితా ఏది?"

"లేదు."

"ఒక్క పేరైనా?"

డప్పువాడి పేరు ఇచ్చాను.

అక్టోబరు 25, శుక్రవారం. ఉదయం 8

పత్రిక వచ్చింది. 'విల్లో బెండ్ మేటి పదకొండుమంది' అని పెద్ద అక్షరాలు. కింద పదకొండు ఖాళీ గీతలు. 'మీరే నింపి పంపండి' అని జెనీవా. పక్కనే డప్పువాడి ఫొటో.

కాఫీ బల్ల దగ్గర ఒక కొత్తవాడు కూర్చున్నాడు, ఎరువుల కంపెనీ మనిషి. వర్జిల్ అతనికి చెప్తున్నాడు: "ఆరు బంతులు ఇచ్చేశాను. ఏడోది బూరలో. అప్పుడు నేను మైదానంలో లేను. వీడి చేను కోస్తున్నాను." కొత్తవాడు కుర్చీలోంచి జారేంతగా నవ్వాడు. కథ ముందుకంటే బావుంది. వర్జిల్ నావైపు చూడకుండా నా కప్పులో కాఫీ పోశాడు.

అక్టోబరు 26, శనివారం. ఉదయం 6.10

కొత్త నోటు పుస్తకం. పాత పెన్నే.

ఎక్కడ తప్పు జరిగిందో తెలిసింది. తప్పంతా అక్టోబరుది. నవంబరులో కోతలుండవు. అప్పుడు ఎవడి చొక్కాలో వాడే ఉంటాడు.

నియమాలు:

1. లెక్కలే ప్రమాణం. నవంబరు ఆటలవి మాత్రమే.
2. బంధువులు పనికిరారు, ఒకడు తప్ప. పన్నెండో నంబరు, వర్జిల్ హోలెక్. ఇది ముందే రాసేశాను.
3. ఎవరి దగ్గరా బన్నులు తీసుకోను. సాసేజీ వస్తే చూద్దాం.
4. ఒక్కరికి కూడా చెప్పను.

వారం రోజుల పని!

6.40. లవోన్‌కి చెప్పాను.

"నవంబరులోనా?" అంది. "జింకల వేట మొదలయ్యేది అప్పుడే కదా?"

6.45. నియమం 1లో నవంబరు కొట్టేసి సెప్టెంబరు రాశాను.